ముప్పై మంది అయిదేళ్ళవాళ్ళా, ముప్పై అయిదుగురు ఏడాదివాళ్ళా? వయసు చెప్పే ఒక ఇంగ్లీషు పదబంధంపై కేస్ స్టడీ

నేపథ్యం

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలను ఆనుకొని ఉన్న ఊళ్ళలో, పిల్లల పోషణ మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థల సిబ్బందికి ఇంగ్లీషులో నివేదికలు రాయడం నేర్పే పనిలో ఉన్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఆ రాష్ట్రంలోకి వెళ్ళింది; ఇళ్ళలోని తెలుగు మాత్రం ఇళ్ళలోనే ఉండిపోయింది. అందుచేత ఇక్కడ ఒక క్షేత్ర కార్యకర్త ఒకే రోజున ఒక తల్లితో తెలుగులో, కొండ ఊరిలో సవరలో, బ్లాకు ఆఫీసులో ఒడియాలో మాట్లాడి, సాయంత్రానికి అదంతా ఇంగ్లీషులో రాయవలసి వస్తుంది. ఆ కాగితాన్ని చదివేది దూరాన ప్రధాన కార్యాలయంలో ఉండే, ఈ ఊళ్ళను ఎన్నడూ చూడని వ్యక్తి. ఆ వ్యక్తికి రాసిన వాక్యం తప్ప మరో ఆధారం ఉండదు కాబట్టి, చిన్నదిగా కనిపించే ఒక పదబంధం గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ కేసులోని వ్యక్తి ముప్పై ఏళ్ళు దాటిన క్షేత్ర సమన్వయకర్త. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఒడియా మాధ్యమంలో చదువుకొని, డిగ్రీ పూర్తి చేశారు. కొన్ని అంగన్‌వాడీ కేంద్రాల పరిధిలోని పిల్లల్ని నెలనెలా తూకం వేయించి, వయసుల వారీగా లెక్కలు తీసి, ప్రధాన కార్యాలయానికి ఇంగ్లీషులో రెండు పుటల నివేదిక పంపడం ఆమె బాధ్యత. ఆమెనూ, సంస్థనూ, ఊళ్ళనూ గుర్తుపట్టడానికి దారితీసే వివరాలను వదిలేశాను. ఆమె రాసిన వాక్యపు రూపాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో చర్చ అంతా ఆ రూపం గురించే.

ఇటువంటి నివేదికలో వయసు మీద చాలా ఆధారపడి ఉంటుందని ముందుగా చెప్పాలి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు ఇంటికి తీసుకువెళ్ళే ఆహారాన్ని ఇస్తారు. ఒడిశాలో అది ఛతువా, అంటే వేయించిన ధాన్యాలు, పప్పుల పిండి, పొట్లాల రూపంలో అందుతుంది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు కేంద్రానికి వచ్చి వేడి భోజనం తింటారు. దండ, అంటే భుజానికీ మోచేతికీ మధ్య చేతి భాగం, చుట్టుకొలత చూసే టేపును ఆరు నెలల నుంచి 59 నెలల వరకు వయసున్న పిల్లలకే వాడతారు. 115 మిల్లీమీటర్ల కన్నా తక్కువ వస్తే తీవ్రమైన పోషకాహార లోపంగా లెక్కిస్తారు. రెండేళ్ళ లోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలుస్తారు, ఆపై వయసువారిని నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. కాబట్టి ఏడాది బిడ్డకూ, అయిదేళ్ళ బిడ్డకూ ఆహారం చేరే దారి వేరు, కొలిచే పద్ధతి వేరు, వెతకవలసిన చోటు కూడా వేరు. ఒకరిని మరొకరుగా చదివితే, చేయవలసిన పని మొత్తం తప్పు పిల్లల మీదికి మళ్ళుతుంది.

ఎదురైన సమస్య

2023 వర్షాకాలం చివరి నెలల్లో ఆమె పంపిన నివేదికలో ఒక వాక్యం ఇలా ఉంది: 'థర్టీ ఫైవ్ ఇయర్ ఓల్డ్ చిల్డ్రన్ వర్ నాట్ వెయిడ్ దిస్ మంత్.' ఆ నెల ఆ పిల్లల్ని తూకం వేయలేదన్నది దాని సారాంశం. ప్రధాన కార్యాలయంలో దాన్ని చదివినవారు, ముప్పై అయిదుగురు ఏడాది పిల్లలు తూకానికి రాలేదని అర్థం చేసుకున్నారు. ఆ వయసు పిల్లలు అంతమంది తప్పిపోవడం ఆందోళన కలిగించేదే కాబట్టి, చంటిపిల్లల కోసం వేలాడే తూకంతో ప్రత్యేకంగా ఇంటింటికీ వెళ్ళే ఏర్పాటు చేయమని ఆదేశం పంపారు. ఆ పని మొదలైన తరువాత పట్టికతో పోల్చి చూస్తే ఏడాది పిల్లలందరి తూకాలూ నమోదై ఉన్నాయి. ఖాళీలన్నీ అయిదేళ్ళ పిల్లల వరుసలో ఉన్నాయి. అప్పుడు ఆమెకు వచ్చిన లేఖలో లెక్కలు సరిపోవడం లేదనీ, ఇకమీదట అంకెల విషయంలో జాగ్రత్త వహించాలనీ ఉంది.

ఆమె ఆ లేఖ పట్టుకొని వచ్చి, తనకు అంకెలు సరిగ్గా రాయడం నేర్పమని అడిగారు. ఆమె మాటలో ఎంత నొప్పి ఉందో నాకు తెలిసింది. ఎండలో కొండలెక్కి సేకరించిన లెక్కను అజాగ్రత్త అన్నారు. అయినా, ఆమె చెప్పిన సమస్యనే సమస్యగా తీసుకొని బోధన మొదలుపెట్టడం సరికాదనిపించింది. లెక్కలో లోపం ఉంటే దాన్ని సరిదిద్దవలసింది పుస్తకంలో; వాక్యంలో లోపం ఉంటే భాషలో. ముందు అది ఏదో తేల్చాలి.

అందుకు ఒకే ఒక్క పని చేశాను. నివేదికను పక్కన పెట్టి, అదే సంగతిని తెలుగులో చెప్పమన్నాను. 'ఈ నెల ముప్పై మంది అయిదేళ్ళ పిల్లల్ని తూకం వెయ్యలేదు మాస్టారూ, వాళ్ళు బడికి వెళ్ళిపోతన్నారు' అన్నారు ఆమె, తడుముకోకుండా. తెలుగు వాక్యంలో ఏ సందిగ్ధమూ లేదు; పిల్లలు తూకానికి దొరకకపోవడానికి కారణం కూడా అందులో ఉంది. ఆమె మనసులో లెక్క స్పష్టంగా ఉంది, పుస్తకంలోనూ సరిగ్గానే ఉంది. అది చెదిరిపోయింది ఇంగ్లీషు వాక్యంలోనే.

ఎక్కడ చెదిరిందో చూద్దాం. హైఫన్లు లేకుండా రాసిన 'థర్టీ ఫైవ్ ఇయర్ ఓల్డ్ చిల్డ్రన్' మూడు రకాలుగా చదవడానికి వీలిస్తుంది. 'థర్టీ ఫైవ్-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్' అని రాస్తే ముప్పై మంది అయిదేళ్ళ పిల్లలు. 'థర్టీ-ఫైవ్ ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్' అని రాస్తే ముప్పై అయిదుగురు ఏడాది పిల్లలు, ఎందుకంటే ఇంగ్లీషులో ముందు సంఖ్య లేకుండా 'ఇయర్-ఓల్డ్' అంటే ఒక ఏడాది వయసున్న అని అర్థం. 'థర్టీ-ఫైవ్-ఇయర్-ఓల్డ్' అని మొత్తం కలిపితే ముప్పై అయిదేళ్ళ వయసు. మూడోది పిల్లల విషయంలో అసంబద్ధం కాబట్టి ఎవరూ అలా చదవరు. మొదటి రెండూ మాత్రం పోషణ కార్యక్రమంలో పూర్తిగా సాధ్యమైన అర్థాలే. చదివిన అధికారి తప్పు చేశారనడానికి కూడా లేదు. 21 నుంచి 99 వరకు సంఖ్యలను అక్షరాల్లో రాసేటప్పుడు రెండు పదాలను కలిపి చదవడం ఇంగ్లీషు పాఠకుడికి అలవాటు.

మొదటి ప్రయత్నం: నియమం చెప్పడం

నియమం చెప్పడం అన్నిటికన్నా దగ్గరి దారి కాబట్టి దానితోనే మొదలుపెట్టాను. వయసు చెప్పే పదబంధం నామవాచకానికి ముందు వచ్చి దాన్ని వర్ణిస్తే 'ఇయర్' ఏకవచనంలో ఉంటుంది, పదాల మధ్య హైఫన్లు వస్తాయి: 'ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్'. క్రియ తరువాత వచ్చి వయసు ఇంత అని తెలియజేస్తే 'ఇయర్స్' బహువచనంలో ఉంటుంది, హైఫన్లు ఉండవు: 'ది గర్ల్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్'. పదబంధమే నామవాచకంగా నిలబడితే హైఫన్లు ఉంటాయి, బహువచన ప్రత్యయం చివరన చేరుతుంది: 'ఫైవ్-ఇయర్-ఓల్డ్స్'.

ఆమె వెంటనే ఒక మంచి ప్రశ్న వేశారు: అయిదు అన్నాక కూడా 'ఇయర్' ఏకవచనం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నను నియమం అంతే అని దాటవేయకూడదు. ఆమె రోజూ పలికే 'టెన్ రూపీ నోట్' గుర్తుచేశాను. అక్కడ ఎవరూ 'రూపీస్' అనరు. 'త్రీ స్టోరీ బిల్డింగ్' కూడా అలాంటిదే. కొలతలు చెప్పే మాటలు పాత ఇంగ్లీషులో సంఖ్య తరువాత షష్ఠీ బహువచన రూపంలో ఉండేవనీ, కాలక్రమంలో ఆ చివరి అచ్చు అరిగిపోయి, మిగిలిన రూపం చూడటానికి ఏకవచనంలా కనిపిస్తోందనీ భాషా చరిత్ర చెబుతుంది. మన 'అయిదేళ్ళ పిల్ల'లోని 'ఏళ్ళ' కూడా షష్ఠిలో వాడే రూపమే. మనకు బహువచనం చెక్కుచెదరకుండా మిగిలింది, వాళ్ళకు అరిగిపోయింది. ఈ వివరణ ఆమెకు ఎంతో నచ్చింది. నచ్చడం వల్ల నియమం గుర్తుండిపోయింది కూడా.

అభ్యాసాలన్నీ సరిగ్గా చేశారు. ఆ తరువాతి నివేదిక చిత్తుప్రతిలో మాత్రం 'ది చైల్డ్ ఈజ్ ఫోర్-ఇయర్-ఓల్డ్' అనీ, మరోచోట 'ఎ ఫోర్-ఇయర్స్-ఓల్డ్ బాయ్' అనీ ఉన్నాయి. హైఫన్లు ఇదివరకు లేనిచోట కూడా ప్రవేశించాయి. కంప్యూటరులోని అక్షరదోషాల తనిఖీ వీటిలో దేన్నీ పట్టలేదు. ప్రతి పదమూ విడిగా చూస్తే సరైనదే.

ఆమె పాత నివేదికలు తెప్పించి చదివాను. వాటిలో రెండు రకాల లోపాలు పక్కపక్కనే ఉన్నాయి. కొన్నిచోట్ల నామవాచకానికి ముందు 'ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ చైల్డ్' అని బహువచనం, కొన్నిచోట్ల క్రియ తరువాత 'షి ఈజ్ ఫైవ్ ఇయర్ ఓల్డ్' అని ఏకవచనం. మొదటిది తెలుగువారిలో అంతటా కనిపించేదే. పిల్లకు అయిదేళ్ళు అన్నా, అయిదేళ్ళ పిల్ల అన్నా మనకు బహువచనం రెండుచోట్లా ఉంటుంది. రెండోది ఒడియా మీదుగా వచ్చి ఉంటుందని నా అంచనా. ఒడియాలో 'పాంచ బర్ష' అంటారు. సంఖ్య తరువాత 'బర్ష'కు బహువచనం చేర్చరు. ఇంట్లో ఒక పద్ధతి, బడిలో దానికి ఎదురైన మరో పద్ధతి నేర్చుకున్న మనిషికి, ఇంగ్లీషు ఆ రెండు పద్ధతులనూ స్థానాన్ని బట్టి వాడుతుందని చెబితే, ఏ స్థానంలో ఏది అన్నది తారుమారు కావడం సహజం. సరిహద్దు జిల్లాల్లో బోధించేవారు ఈ విషయాన్ని తప్పక గమనించాలి. ఒకే గదిలో కూర్చున్న తెలుగు మాధ్యమం వారికీ, ఒడియా మాధ్యమం వారికీ తప్పులు ఎదురెదురు దిశల్లో ఉంటాయి. అందరికీ ఒకే దిద్దుబాటు చెబితే కొందరి తప్పు పోయి మరికొందరికి కొత్త తప్పు అంటుకుంటుంది.

రెండో ప్రయత్నం: నమూనా వాక్యాలు

నియమాన్ని ప్రతిసారీ ఆలోచించి వర్తింపజేయడం పని ఒత్తిడిలో కష్టమని భావించి, నివేదికల్లో తరచుగా వచ్చే వాక్యాలను నమూనాలుగా రాసి ఇచ్చాను. సంఖ్యలు మాత్రం మార్చుకుంటే చాలు. ఇది నియమం కన్నా త్వరగా విఫలమైంది. నమూనాలో 'ఫైవ్' ఉన్నచోట 'వన్' పెట్టినప్పుడు 'ది చైల్డ్ ఈజ్ వన్ ఇయర్స్ ఓల్డ్' అయింది. ఏడాదిన్నర బిడ్డకు నమూనాలో చోటే లేదు. రెండేళ్ళ లోపు వయసును ఇంగ్లీషులో 'ఎయిటీన్-మంత్-ఓల్డ్' అన్నట్టు నెలల్లో చెప్పడమే ఎక్కువ వాడుక. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు అనవలసి వచ్చినచోట 'త్రీ టు సిక్స్-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్' అని రాశారు. సరైన రూపం 'త్రీ- టు సిక్స్-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్'. ఇక్కడ మొదటి సంఖ్య తరువాతి హైఫన్, వెనుక రాబోయే మాట కోసం ఆగి ఉంటుంది. అలా గాలిలో వేలాడే హైఫన్‌ను చూసి, అది అచ్చుతప్పు అనుకొని తీసేశానని ఆమె చెప్పారు. ఆమె తర్కంలో లోపం లేదు. నమూనా రూపాన్ని చూపిస్తుంది, ఆ రూపం ఎందుకు అలా ఉందో చెప్పదు. కాబట్టి కొత్త సందర్భంలో దేన్ని ఉంచాలో, దేన్ని తీయాలో తేల్చుకోవడానికి ఆమె దగ్గర ఆధారం ఏమీ లేదు.

అసలు వాక్యపు తప్పు కూడా మళ్ళీ వచ్చింది. సంఖ్య, వయసు పక్కపక్కన వచ్చిన ప్రతిచోటా హైఫన్ ఎక్కడ పెట్టాలో తెలియక ఒక్కోసారి ఒక్కోచోట పెడుతున్నారు. దీన్నిబట్టి సమస్య హైఫన్‌ను గుర్తుంచుకోవడంలో లేదనీ, ఆ హైఫన్ ఏ పని చేస్తోందో ఆమెకు ఇంకా కనిపించలేదనీ అర్థమైంది.

ఫలించినది

మళ్ళీ ఆమె తెలుగు వాక్యం దగ్గరికే వెళ్ళాం. 'ముప్పై మంది అయిదేళ్ళ పిల్లలు' అన్నప్పుడు ముప్పైనీ, అయిదునూ ఏ మాట విడదీస్తోందని అడిగాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, 'మంది' అన్నారు. ఒడియాలో ఏ మాట అని అడిగితే, ఈసారి ఆలోచించకుండానే 'జణ' అన్నారు. మనుషుల్ని లెక్కించేటప్పుడు తెలుగూ, ఒడియా రెండూ సంఖ్య తరువాత ఒక మాటను పెట్టి, ఇక్కడితో లెక్క అయిపోయింది, ఇక చెప్పేది మరొకటి అని గట్టుకట్టినట్టు వేరుచేస్తాయి. ఇంగ్లీషులో ఆ గట్టు లేదు. లెక్క పక్కనే వయసు వచ్చి కూర్చుంటుంది. విడదీసే మాట లేకపోవడం వల్లనే, ఏది దేనితో కలుస్తుందో చూపించే భారం ఆ చిన్న గీత మీద పడుతోంది.

అది కనిపించాక ఆమె తనకు తానే అడిగిన ప్రశ్న ఈ కేసును మలుపు తిప్పింది: 'అయితే ఆ గీత మీద ఆధారపడకుండా, మందిలాంటి మాటనే మధ్యలో పెట్టలేమా మాస్టారూ?' పెట్టవచ్చు. 'థర్టీ చిల్డ్రన్ ఏజ్డ్ ఫైవ్' అంటే, ముప్పైకీ అయిదుకీ మధ్య 'చిల్డ్రన్' వచ్చి కూర్చుంటుంది. మన 'మంది' చేసే పనే అది చేస్తుంది. హైఫన్ పడినా పడకపోయినా, ఫోటో కాపీలో చెరిగిపోయినా, ఫోనులో పంపేటప్పుడు ఎగిరిపోయినా అర్థం మారదు.

ఇక్కడ నాకు ఒక నిర్ణయం ఎదురైంది. ఆమెకు ఈ రెండో రూపాన్నే నేర్పి, హైఫన్ల రూపాన్ని పూర్తిగా వదిలేయమనవచ్చు. కానీ అలా చేస్తే, ఇతరుల నివేదికల్లో 'ఫైవ్-ఇయర్-ఓల్డ్' వచ్చినప్పుడు ఆమె దాన్ని ఖచ్చితంగా చదవలేరు. ఒక బిడ్డ గురించి సంక్షిప్తంగా రాయవలసినచోట వాక్యం అనవసరంగా సాగుతుంది. అందుకని పనిని రెండుగా విభజించాం. ఒకే బిడ్డ గురించి రాసేటప్పుడు 'ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్' లేదా 'ది గర్ల్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్', స్థానాన్ని బట్టి. పిల్లల సంఖ్య కూడా చెప్పవలసి వస్తే 'చిల్డ్రన్ ఏజ్డ్' రూపం. ఏ కారణం చేతనైనా సంఖ్య, వయసు పక్కపక్కనే ఉండక తప్పకపోతే, లెక్కను అంకెల్లోనూ, వయసును అక్షరాల్లోనూ రాయాలి: '30 ఫైవ్-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్'. రెండు సంఖ్యలు ఆనుకొని వచ్చినప్పుడు ఒకదాన్ని అంకెల్లో, మరొకదాన్ని అక్షరాల్లో రాయడం ఇంగ్లీషు రచనలో స్థిరపడిన పద్ధతే. అమెరికా పత్రికల్లో వాడుకగా ఉన్న ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) శైలి వయసును ఎప్పుడూ అంకెల్లో రాయమంటుంది, పుస్తక ప్రచురణలో ఎక్కువగా అనుసరించే షికాగో శైలి సాధారణంగా నూరు వరకు అక్షరాల్లో రాయమంటుంది. నామవాచకానికి ముందు హైఫన్లు పెట్టడంలో మాత్రం రెండింటికీ భేదం లేదు. సంస్థ ఏదో ఒక పద్ధతిని ఎంచుకొని దానికి కట్టుబడి ఉండటం మేలు.

స్థానాన్ని గుర్తించడానికి కూడా నియమం కన్నా ఒక చిన్న తనిఖీ ఎక్కువ ఉపయోగపడింది. 'ఓల్డ్' అని రాసి ఒక్క క్షణం ఆగి, దాని వెంట 'చైల్డ్', 'గర్ల్' వంటి మాట ఏదైనా వస్తోందా అని చూడాలి. వస్తోందంటే 'ఇయర్'కు ఎస్ తీసి, పదాలను కలపాలి. ఏమీ లేకుండా వాక్యం ముగుస్తోందంటే రెండేళ్ళు, ఆపై వయసుకు ఎస్ ఉంచి, పదాలను విడిగా వదలాలి. పదబంధమే పిల్లలకు పేరుగా నిలిచినచోట, అంటే 'ఫైవ్-ఇయర్-ఓల్డ్స్' వంటి చోట, ఈ తనిఖీ పనిచేయదు. ఆ రూపం ఆమె నివేదికల్లో అరుదు కాబట్టి దాన్ని అప్పటికి పక్కన పెట్టాం. కొత్త రూపం నేర్చుకున్నాక ఒకటి రెండుచోట్ల 'ఏజ్డ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్' అని రెండు రూపాలనూ కలిపి రాశారు. 'ఏజ్డ్' ఉన్నచోట 'ఓల్డ్' అక్కరలేదని చెప్పగానే అది సర్దుకుంది.

హైఫన్లు సరిగ్గా ఉన్నా సరిపోని లెక్క

ఇక్కడితో కేసు ముగిసిందనుకునే దశలో, వాక్యాలన్నీ సవ్యంగా ఉన్న ఒక నివేదికలో మళ్ళీ అయిదేళ్ళ పిల్లల లెక్క పట్టికతో కలవలేదు. పట్టిక పుట్టిన తేదీల ఆధారంగా తయారైంది. వాక్యం ఆమె ఊళ్ళలో విని రాసుకున్న పుస్తకం ఆధారంగా. ఈ తేడా నాకు మొత్తం కేసులో అతి ముఖ్యమైన భాగంగా అనిపిస్తుంది, ఎందుకంటే పదబంధం రూపం పూర్తిగా సరిగ్గా ఉండి కూడా అర్థం తప్పిన సందర్భం ఇది.

తల్లులు ఆమెతో చెప్పే మాట 'అయిదో ఏడు నడస్తంది' అన్నది. ఆమె దాన్ని 'ఫైవ్-ఇయర్-ఓల్డ్' అని రాస్తున్నారు. కానీ అయిదో ఏడు నడుస్తున్న బిడ్డకు నిండినవి నాలుగేళ్ళే. ఇంగ్లీషు పదబంధం నిండిన ఏళ్ళనే చెబుతుంది. అయిదు నిండిన రోజు నుంచి ఆరు నిండే ముందురోజు వరకు బిడ్డ 'ఫైవ్-ఇయర్-ఓల్డ్'. మనకు నిండడం, నడవడం అని రెండు లెక్కలు ఉన్నాయి, రెండూ వాడుకలో ఉన్నాయి. వాటిలో ఏది విన్నామో గమనించకుండా ఇంగ్లీషులోకి మారిస్తే, బిడ్డకు ఏకంగా ఒక ఏడాది వయసు కలిపినట్టవుతుంది.

ఇది ఎంత తేడా తెస్తుందో ఈ ప్రాంతపు ఉదాహరణతోనే చూపించాను. ఇక్కడి తల్లులు పిల్లల పుట్టుకను తిత్లీ తుఫానుకు ముందు, తరువాత అని చెప్పుకుంటారు. ఆ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. తుఫానుకు వారం ముందు పుట్టిన బిడ్డకు 2023 అక్టోబరు మధ్యకు అయిదేళ్ళు నిండాయి, అంటే 60 నెలలు. దండ కొలిచే టేపు ఆ బిడ్డకు వర్తించదు. తుఫాను తరువాత నెలరోజులకు పుట్టిన బిడ్డకు అదే రోజున అయిదో ఏడు నడుస్తోంది, నిండినవి 59 నెలలు. ఆ బిడ్డ దండ తప్పక కొలవాలి. ఈ ఇద్దరినీ 'ఫైవ్-ఇయర్-ఓల్డ్' అని ఒకే వరుసలో రాస్తే, రెండో బిడ్డ పరీక్ష లేకుండా జారిపోతుంది. ఆ బిడ్డ బక్కచిక్కి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. 'అండర్ ఫైవ్' అన్న మాట కూడా ఇలాంటిదే. అందులో అయిదు నిండిన పిల్లలు లేరు, 59 నెలల వరకే లెక్క.

దీనికి పరిష్కారం ఇంగ్లీషులో లేదు, అడిగే ప్రశ్నలో ఉంది. వయసెంత అని అడగడం మానేసి, 'ఎన్నేళ్ళు నిండాయమ్మా?' అని అడగడం మొదలుపెట్టారు. పుట్టిన తేదీ కార్డు ఉన్నచోట దాన్ని చూసి, పుస్తకంలో వయసును నెలల్లో రాసుకొని, ఏళ్ళలోకి మార్చడం నివేదిక రాసేటప్పుడే చేస్తున్నారు. ఈ మార్పు తరువాతి నివేదికల్లో వాక్యాలూ పట్టికా కలిశాయి. ప్రధాన కార్యాలయం నుంచి లెక్కల గురించి ప్రశ్న రాలేదు.

నేర్చుకున్నవి

అభ్యాసకులు తెచ్చే ఫిర్యాదు చాలాసార్లు వేరొకరు పెట్టిన పేరు మాత్రమే. ఇక్కడ లెక్కల తప్పు అన్నది ప్రధాన కార్యాలయం పెట్టిన పేరు. మాతృభాషలో చెప్పించి చూడటం వల్ల ఆ పేరు నిజమో కాదో కొద్ది నిమిషాల్లో తేలింది. నియమాల జాబితాతో మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష జరగడం మంచిదని నా దృఢమైన అభిప్రాయం.

నియమం చెప్పడం వృథా అని నేను అనను. ఏకవచనం ఎందుకో తెలిశాక ఆమె ఆ విషయంలో భయం వదిలేశారు. అయితే, రాసేటప్పుడు ఆమెకు అక్కరకు వచ్చింది హైఫన్ నియమం కన్నా, హైఫన్ లేకపోతే ఎవరు ఎలా చదువుతారన్న ఊహ. అందువల్ల ఇప్పుడు ఈ పాఠాన్ని ఆ మూడు అర్థాల వాక్యంతోనే మొదలుపెడుతున్నాను. పాల్గొన్నవారు ఒక్కొక్కరూ దాన్ని తెలుగులోకో, ఒడియాలోకో మార్చి బిగ్గరగా చదువుతారు; జవాబులు వేరువేరుగా వస్తాయి. ఎవరి జవాబు సరైనదన్న వాదన వాళ్ళలో వాళ్ళకే పుట్టాక హైఫన్ గురించి చెబితే శ్రద్ధగా వింటారు. సవర ఇంటి భాషగా ఉన్నవారు కూడా ఉంటే, వాళ్ళ భాషలో మనుషుల్ని ఎలా లెక్కిస్తారో వాళ్ళచేతనే చెప్పించడం నాకూ పాఠమే. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకున్నది ఆ భాష మాట్లాడేవారి నోటి నుంచే కదా.

పుట్టిన తేదీ కార్డు లేని పిల్లల విషయం ఇంకా మిగిలి ఉంది. కొండ ఊళ్ళలో అటువంటి పిల్లలు ఉన్నారు. తల్లి చెప్పే పండుగనో, తుఫానునో, కోతలనో పట్టుకొని స్థానిక సంఘటనల పట్టికతో పుట్టిన నెలను అంచనా వేయడం పోషణ సర్వేల్లో వాడే పద్ధతి. అది అంచనాయే తప్ప తేదీ కాదు. అటువంటి బిడ్డను 'ఫైవ్-ఇయర్-ఓల్డ్' అని రాస్తే, మనకు లేని నిశ్చయాన్ని చదివేవారికి అందించినట్టవుతుంది. కాబట్టి 'అబౌట్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్' అని రాసి, తల్లి ఏ సంఘటన ఆధారంగా చెప్పిందో ఆ పక్కనే ఒక వాక్యంలో నమోదు చేయాలనీ, అంచనా వయసులో 59 నెలల గీతకు అటూ ఇటూగా ఉన్న బిడ్డ దండ కూడా కొలవాలనీ మేమిద్దరం నిర్ణయించుకున్నాం. ఆమె పుస్తకంలో ఇప్పుడు ఆ పిల్లలకు వేరే పుట ఉంది.